చెరువు షెడ్డుకు వైర్‌లెస్ లింకు: రేడియో గోడకు బిగించాలా, పైపు వేయాలా?

చెరువుగట్టు · భీమవరం దగ్గర

అందరికీ నమస్కారమండి. ఊళ్ళో మా ఇల్లు, ఊరవతల రొయ్యల చెరువులు. ఇంటి డాబా నుంచి చెరువు షెడ్డుకి మ్యాపులో కొలిస్తే 800 మీటర్లు వస్తోంది. ఇంట్లో ఫైబర్ ఇంటర్నెట్ ఉంది. షెడ్డు దగ్గర సిమ్ సిగ్నల్ పగలు ఫరవాలేదు, రాత్రయితే వీడియో తిరుగుతూనే ఉంటుంది. అక్కడ నాలుగు కెమెరాలు నడవాలి, ఏరియేటర్లు (చెరువు నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాలు) ఆగితే ఫోనుకి అలారం రావాలి. అర్ధరాత్రి ఏరియేటర్లు ఆగిన సంగతి ఆలస్యంగా తెలిస్తే పంట ఏమవుతుందో ఈ జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇంటి ఇంటర్నెట్‌ని గాలిలో షెడ్డుకి పంపడానికి టీపీ-లింక్ సీపీఈ510 రేడియోలు రెండు తెప్పించాను. కెమెరాలు బిగించే కుర్రాడు వచ్చి చూశాడు. ఇంటి దగ్గర పిట్టగోడకి క్లాంపు కొడదాం, షెడ్డు దగ్గర పక్కనే ఉన్న కరెంటు స్తంభానికి కట్టేద్దాం అంటున్నాడు. మధ్యలో కొబ్బరి చెట్లు, ఒక రెండంతస్తుల డాబా, ఒక 11 కేవీ లైను ఉన్నాయి. మిగతావి చెరువులే. గోడకు చాలా, పైపు వేయాలా? పైపయితే ఎంత ఎత్తు? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మాస్టు · విశాఖ, టెలికం మైక్రోవేవ్ పని చేసి రిటైరయ్యాను

చెరువుగట్టు గారూ, ముందు ఒక్కమాట. కరెంటు స్తంభం ఆలోచన ఇప్పుడే మానేయండి. అది డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఆస్తి, అనుమతి లేకుండా ఏదీ కట్టకూడదు. దాని సంగతి పక్కన పెట్టినా, ఆ స్తంభం ఎక్కేవాడి ప్రాణం మీదికి వస్తుంది. రేపు పైన ఇన్సులేటర్ పగిలితే మీ లాన్ కేబుల్ గుండా కరెంటు నేరుగా షెడ్డులోకి దిగుతుంది. ఆ కుర్రాడికి నెమ్మదిగా చెప్పండి, వినకపోతే వేరే మనిషిని చూసుకోండి.

ఇక ఎత్తు. రేడియోలు ఒకదానికొకటి కనపడితే చాలని చాలామంది అనుకుంటారు, చాలదు. సిగ్నల్ సన్నటి గీతలా పోదు. మధ్యలో ఉబ్బి, రెండు కొసల్లో సన్నబడే దారిలో పోతుంది. దాన్నే ఫ్రెనెల్ జోన్ అంటారు. 5.8 గిగాహెర్ట్జ్‌లో 800 మీటర్ల లింకుకి సరిగ్గా మధ్యలో ఆ దారి సగం వెడల్పు 3.2 మీటర్లు. అందులో కనీసం 60 శాతం ఖాళీగా ఉండాలి. అంటే కంటికి కనిపించే గీతకి చుట్టూ, కింద కూడా, రెండు మీటర్ల మేర ఏ అడ్డూ ఉండకూడదు. ఆ రెండంతస్తుల డాబా మీద నీళ్ళ ట్యాంకు ఉందేమో, దాని పైకొస ఎక్కడుందో చూడండి.

కొబ్బరి చెట్ల మీదుగా పోదామని మాత్రం అనుకోకండి. మన కొబ్బరి 15, 20 మీటర్లు పెరుగుతుంది. అంత ఎత్తు మాస్టు ఇంటి మీద నిలబెట్టే పని కాదు. చెట్లని తప్పించి పోయే గీత వెతకండి. డాబాకి నాలుగు మూలలు ఉంటాయి కదా, ఒక్కో మూల నుంచి షెడ్డు వైపు చూస్తే గీత మారుతుంది. చీకటి పడ్డాక షెడ్డు దగ్గర ఒకరు ఎత్తుగా పట్టుకుని టార్చి వేయాలి, మీరు నాలుగు మూలల నుంచీ చూడండి. ఆకులు ఊగినప్పుడు వెలుగు ఆరి వెలిగిందంటే ఆ మూల పనికిరాదు.

చెరువుగట్టు

మాస్టు గారూ, ధన్యవాదాలండి. స్తంభం ఆలోచన మానేశాం. రాత్రి టార్చితో చూశాం. నైరుతి మూల నుంచి కొబ్బరి మట్టలు అడ్డం వస్తున్నాయి. ఈశాన్యం మూల నుంచి శుభ్రంగా కనిపించింది, చెట్లు పదిహేను అడుగుల పక్కకి పోయాయి. ఆ డాబా మీద ట్యాంకు ఉంది కానీ అది కూడా పక్కకే ఉంది. డాబా పిట్టగోడ మా పిట్టగోడ ఎత్తులోనే ఉన్నట్టుంది. అందుకని గోడకు కొడితే ఆ డాబాని రాసుకుంటూ పోతుంది, పైపు తప్పదనిపిస్తోంది.

లింకుపని_ఖమ్మం

అన్నా, పైపే వేయి. నేను గ్రానైట్ క్వారీలకి, కోళ్ళఫారాలకి ఈ లింకులు బిగిస్తుంటాను. గోడ బాగుండేది ఎప్పుడంటే, ఎదురుగా ఖాళీ ఉండి, గోడ వెనక అంత ఎత్తు బిల్డింగు ఉన్నప్పుడు. అప్పుడు గాలి దెబ్బ తక్కువ, కేబుల్ పొడవు తక్కువ, పిడుగు భయం కూడా పైపు కన్నా తక్కువ. నీకు రెండు మీటర్ల ఖాళీ కావాలి కాబట్టి పిట్టగోడ కుదరదు.

పైపు జీఐ (జింకు పూత పూసిన ఇనుము), బి క్లాసు, ఒకటిన్నర అంగుళం తీసుకో. బయటి కొలత 48 మిల్లీమీటర్లు ఉంటుంది, రేడియోతో వచ్చే పట్టీ దానికి సరిపోతుంది. కొట్లో ఏ క్లాసు అంటగట్టాలని చూస్తారు, అది పల్చన. పైపు మీద గీత రంగు చూడు: ఏ క్లాసుకి పసుపు, బి క్లాసుకి నీలం, సి క్లాసుకి ఎరుపు. పైకొసకి మూత తప్పకుండా పెట్టు. మూత లేకపోతే వాన నీళ్ళు లోపల నిలిచి పైపు లోపల్నుంచే తుప్పు పడుతుంది.

ఇంకో సంగతి. పిట్టగోడ మీద ప్లాస్టరింగుకి యాంకర్ బోల్టు కొట్టనివ్వకు. పిల్లరు ఎక్కడుందో చూసి దానికి కొట్టించు.

లోడు_లెక్క · సివిల్, విజయవాడ

ఖమ్మం తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే గాలి సంగతి చాలామంది రేడియో సైజు చూసి తేలిగ్గా తీసుకుంటారు.

కట్టడాల మీద గాలి ఒత్తిడి లెక్కకి వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విజయవాడ, విశాఖలకు డిజైన్‌లో తీసుకునే మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు 44. భీమవరం తీరానికి దగ్గర కాబట్టి 50 అనే లెక్కేసుకోండి. ఆ వేగంలో చదరపు మీటరుకి 1500 న్యూటన్ల ఒత్తిడి పడుతుంది. మీ రేడియో 22 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు, కాబట్టి దాని మీద పడేది మూడు కిలోల లోపే. కానీ పిట్టగోడ పైన మూడు మీటర్లు నిలబడ్డ పైపు మీదే 20 కిలోల పైన పడుతుంది. గాలిని ఎదుర్కొనేది రేడియో కాదు, పైపు.

ఇప్పుడు క్లాంపుల సంగతి. రెండు క్లాంపుల మధ్య ఒక మీటరు దూరం ఉంటే పై క్లాంపు మీద 65, 70 కిలోల లాగుడు ఉంటుంది. అదే ఒక అడుగు దూరంలో రెండూ కొట్టేస్తే 160 కిలోలు దాటుతుంది. పిట్టగోడ ఎత్తే మూడడుగులు, అందులోనూ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. అది గాలికి ఇటుకలతో సహా ఊడి రోడ్డు మీద పడుతుంది. 2014లో హుద్‌హుద్ తుఫాను అప్పుడు విశాఖలో డాబాల మీంచి ఏమేం ఎగిరాయో చూసినవాళ్ళకి గుర్తుంటుంది. అందుకని పై క్లాంపు పిట్టగోడకి, కింది క్లాంపు శ్లాబు కిందుగా పిల్లరుకి, ఇంటి బయటి వైపు నుంచి కొట్టించండి. పిట్టగోడ దగ్గర యాంకర్ వద్దు, గోడకి ఆరపార బోల్టు వేసి రెండు వైపులా 6 మిల్లీమీటర్ల ఇనప ప్లేటు పెట్టండి. డిష్ యాంటెన్నాలు పెట్టేవాళ్ళు మాత్రం విడిగా లెక్క వేయించుకోవాలి. 60 సెంటీమీటర్ల మూసి ఉన్న డిష్ మీద అదే గాలికి 40 కిలోల పైనే పడుతుంది.

చెరువుగట్టు

షెడ్డు దగ్గర ఏం చెయ్యమంటారు లోడు_లెక్క గారూ? షెడ్డు ఇనప పైపులూ రేకులూ. గాలేస్తే మొత్తం వణుకుతుంది.

లోడు_లెక్క

వణికే షెడ్డుకి కట్టకండి, విడిగా పైపు వేయండి. గట్టు మీద 60 సెంటీమీటర్ల చదరం, మీటరు లోతు గుంట తీసి కాంక్రీటు దిమ్మె పోయించండి. పైపుని నేరుగా కాంక్రీటులో పాతితే ఉప్పునేలలో దిమ్మె అంచు దగ్గరే మొదట తుప్పు పడుతుంది. దిమ్మెలో బోల్టులు దింపి, పైపుకి కింద బేస్ ప్లేటు వెల్డింగు చేయించండి. వెల్డింగు చేసిన చోట జింకు పూత కాలిపోతుంది కాబట్టి అక్కడ జింక్ రిచ్ ప్రైమరు రెండు పూతలు వేయండి.

బేస్ ప్లేటుకి ఒక వైపు కీలు పెట్టిస్తే ఇంకా మంచిది. రేడియో చూడాల్సి వచ్చినప్పుడు పైపునే వంచి దింపుకోవచ్చు, మనిషి ఎక్కే పనుండదు. ఆరు మీటర్ల పైపుకి నాలుగు మీటర్ల ఎత్తులో మూడు వైపులా స్టే వైర్లు (పైపుని లాగి పట్టే తీగలు) లాగండి, టర్న్‌బకిల్స్ (తీగ బిగించే మరలు) పెట్టి. రెండు వైపుల స్టే చాలదు, పైపు మూడోవైపు ఊగుతుంది.

మాస్టు

కీలు పైపు మంచి సలహా, కానీ ఒక హెచ్చరిక. ఆ 11 కేవీ లైను షెడ్డుకి ఎంత దూరంలో ఉంది? భవనానికి 11 కేవీ లైను పక్కగా 1.2 మీటర్లు, పైన 3.7 మీటర్లు ఎడం ఉండాలని నిబంధన. అది కట్టిన గోడకి చెప్పిన లెక్క. పైపు లేపేటప్పుడు ఆ లెక్క పనికిరాదు. ఆరు మీటర్ల బి క్లాసు పైపు 20 కిలోల పైన ఉంటుంది, చెయ్యి జారితే ఏ వైపు పడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. పైపు ఎటు పడినా లైనుకి తగలనంత దూరం ఉండాలి, పైపు పొడవుకి కనీసం ఒకటిన్నర రెట్లు పెట్టుకోండి. పైపు లేపే వేళ నిచ్చెన అల్యూమినియంది వాడొద్దు. తడినేల మీద, మబ్బు పట్టినప్పుడు ఆ పని మొదలుపెట్టొద్దు.

చెరువుగట్టు

లైను షెడ్డుకి ముప్ఫై మీటర్ల అవతల ఉందండి. కీలు కూడా లైనుకి వ్యతిరేక దిక్కున వంగేలా పెట్టిస్తాను.

నెట్‌వర్క్_నారాయణగూడ

ఒక ప్రశ్న. 800 మీటర్లకి ఫైబరే లాగేస్తే పోతుంది కదా? పిడుగు గొడవ లేదు, గాలి గొడవ లేదు, చానెల్ గొడవ లేదు.

లింకుపని_ఖమ్మం

మొత్తం సొంత భూమి అయితే నేను కూడా ఫైబరే వేయమంటాను అన్నా. ఇక్కడ మధ్యలో వేరేవాళ్ళ చెరువులున్నాయి, పంచాయతీ రోడ్డు ఉంది. పంట తీసినప్పుడల్లా చెరువులోకి పొక్లెయిన్ దిగుతుంది. గట్టు మీద ఫైబర్ ఎన్నాళ్ళుంటుంది? దాన్ని అతుకు వేసేవాడు వచ్చేదాకా కెమెరాలు బంద్. ఇలాంటి చోట రేడియోనే మేలు.

వైర్ల_సంగతి · రాజమండ్రి

కేబుల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. నా చేతికి రిపేరుకి వచ్చే రేడియోల్లో ఎక్కువ భాగం రేడియో బాగానే ఉంటుంది, కేబుల్ చచ్చిపోయి ఉంటుంది. అందుకని కాస్త వివరంగా రాస్తాను.

ఇంట్లో వాడే బూడిదరంగు క్యాట్6 బయట వాడితే ఎండకి పై తొడుగు పిండిలా రాలుతుంది. నల్లటి ఔట్‌డోర్ కేబుల్ తీసుకోండి, లోపల రేకు చుట్టిన షీల్డెడ్ రకం. మార్కెట్లో చవగ్గా దొరికేది అల్యూమినియం తీగకి రాగి పూత పూసింది. తీగ చివర బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే కొనొద్దు. ఈ రేడియోలకి కరెంటు ఇంట్లో పెట్టే అడాప్టరు నుంచి ఆ కేబుల్ గుండానే పోతుంది, దీన్నే 24 వోల్టుల పాసివ్ పీఓఈ అంటారు. మంచి రాగి తీగయితే 100 మీటర్లకి మూడు వోల్టులు పోతాయి, 40 మీటర్లకి ఒకటి చిల్లర. పూత తీగలో నష్టం దానికి ఒకటిన్నర రెట్ల పైనే. దానికి తోడు అల్యూమినియం తీగ ఆర్‌జే45 (కేబుల్ చివరి ప్లగ్గు) పిన్ను దగ్గర వదులై, రేడియో దానంతట అదే ఆఫ్ అయి ఆన్ అవుతుంటుంది. ఆ జబ్బు కనిపెట్టడం మహా కష్టం.

24 వోల్టులు నీలం జతలో ప్లస్, గోధుమ జతలో మైనస్‌గా పోతాయి. అంటే 4, 5 పిన్నులు ప్లస్, 7, 8 పిన్నులు మైనస్. ప్లగ్గులోకి తేమ చేరితే మొదట చచ్చేది ప్లస్ పిన్ను. విప్పి చూస్తే 4, 5 పిన్నుల మీద పచ్చటి చిలుము గడ్డకట్టి, మిగతావి మెరుస్తూ ఉంటాయి. అది చూడగానే నీళ్ళు పోయాయని చెప్పేయొచ్చు. దీనికి మందు ఏమిటంటే, ప్లగ్గు కిందకి చూసేలా బిగించడం, పిన్నుల మీద కాస్త డైఎలెక్ట్రిక్ గ్రీజు, రేడియో మూత పూర్తిగా క్లిక్ అనేదాకా వేయడం. కేబుల్ రేడియో నుంచి దిగాక ఒక జానెడు కిందకి వేలాడి, మళ్ళీ పైకి లేచి పైపుని అంటుకోవాలి. నీరు ఆ వంపు దగ్గరే కారి పడిపోతుంది. ఇంట్లోకి దూరే చోట కూడా అదే వంపు ఉండాలి. గోడ కంత బయటి నుంచి లోపలికి ఎగువగా ఉండాలి, దిగువగా ఉంటే వాన నీరు నేరుగా అడాప్టరు మీదకి వస్తుంది.

పై తొడుగుకి చిన్న గాటు పడ్డా ఊరుకోవద్దు. పైపు పైన గాటు పడితే ఆ నీరు కేబుల్ లోపలి నుంచే పాకి, ఇంట్లో స్విచ్ దాకా వస్తుంది. కేబుల్ టైలు నల్లవే వాడండి. తెల్లవి రెండు ఎండాకాలాలు కూడా ఆగవు.

ఇంకొకటి. పీఓఈ అడాప్టరు మీద రెండు రంధ్రాలుంటాయి, ఒకటి లాన్, ఒకటి పీఓఈ. పీఓఈది రేడియోకి మాత్రమే. అది కెమెరాకో ల్యాప్‌టాప్‌కో పెట్టారంటే పోర్టు కాలిపోవచ్చు.

బత్తాయితోట · నల్గొండ

మా తోటలో పైన చెప్పినవన్నీ చేశాం, కోతులు కేబుల్ పీకేశాయి. అవి కేబుల్ పట్టుకుని పైపు ఎక్కుతాయి, ఊగుతాయి, కొరుకుతాయి. చివరికి కేబుల్‌ని పైపు లోపలి నుంచే తీశాం. పైన రేడియో పక్కన రంధ్రం పెట్టి, పదును అంచుకి రబ్బరు గ్రొమ్మెట్ (రింగు) పెట్టాం. బయట కనిపించేది జానెడు వంపు మాత్రమే. ఆ తర్వాత వాటి గొడవ లేదు. మీ వైపు కోతులు తక్కువేమో కానీ ఉడతలున్నా ఇదే మంచిది.

వైర్ల_సంగతి

చాలా మంచి పద్ధతి అక్కా. రంధ్రం మాత్రం రేడియో కన్నా కింద, కిందివైపుకి వాలుగా ఉండాలి. వేసవిలో కందిరీగలు గూడు పెట్టకుండా సిలికాన్ నింపండి.

చెరువుగట్టు

పిడుగుల సంగతి కూడా చెప్పండి. మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట పిడుగులు ఎక్కువ. పక్క చెరువు వాళ్ళ రేడియో పోయిన వేసవిలో పోయింది, దాంతోపాటు కెమెరాల రికార్డరు, టీవీ కూడా.

మాస్టు

నేరుగా పిడుగు పడితే ఆ రేడియోని ఏదీ కాపాడలేదు. అది ముందే ఒప్పుకుని మొదలుపెట్టాలి. మనం కాపాడుకోగలిగింది మిగతావాటిని, ఇంట్లో మనుషుల్ని. నేరుగా పడే పిడుగుల కన్నా దగ్గర్లో పడి కేబుల్‌లోకి వోల్టేజీ ఎక్కించే పిడుగులే ఎక్కువ నష్టం చేస్తాయి. వాటి నుంచి చాలావరకు తప్పించుకోవచ్చు.

పైపుకి మందపాటి రాగి తీగో, జీఐ పట్టీయో బోల్టుతో బిగించి, వీలైనంత తిన్నగా ఎర్త్ పిట్‌కి దించండి. మిగిలిన తీగని చుట్ట చుట్టి వదలొద్దు, లంబకోణంలో వంచొద్దు. పిడుగు కరెంటుకి ఆ వంపులే అడ్డు, అది పక్కదారి చూసుకుంటుంది. లాన్ కేబుల్ ఇంట్లోకి దూరే చోట ఈథర్నెట్ సర్జ్ ప్రొటెక్టరు (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని ఎర్త్‌కి మళ్ళించేది) పెట్టండి. పాసివ్ పీఓఈని దాటనిచ్చే రకం అడిగి తీసుకోండి. దాని ఎర్త్ తీగ పొట్టిగా ఉండాలి.

ఇక అందరూ దాటేసే సంగతి. పైపుకి ఒక ఎర్త్ పిట్, ఇంటి కరెంటుకి వేరే ఎర్త్ పిట్ ఉంటే ఆ రెండిటినీ మందపాటి తీగతో తప్పనిసరిగా కలపాలి. కలపకపోతే దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు రెండు పిట్‌ల మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది. ఆ తేడా కలుసుకునే దారి మీ లాన్ కేబుల్, మీ రికార్డరు, మీ టీవీ. పక్క చెరువు వాళ్ళ టీవీ పోయిన దారి అదే అయ్యుంటుంది.

మీ నేల ఉప్పుగా, తడిగా ఉంటుంది కాబట్టి ఎర్త్ బాగా దొరుకుతుంది, టెస్టరుతో కొలిస్తే 5 ఓమ్‌ల లోపు రావడం కష్టం కాదు. కానీ అదే ఉప్పు జీఐ కడ్డీని తినేస్తుంది. రాగి పూత కడ్డీ వేయండి, ఏటా వేసవికి ముందు ఒకసారి కొలిపించండి.

డాలస్_దాసు

మాస్టు గారు చెప్పిన రెండు ఎర్త్‌లు కలిపే సంగతి ఇక్కడ అమెరికాలో కోడ్‌లోనే ఉంది. నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 810వ ఆర్టికల్ బయటి యాంటెన్నాల గురించే. మాస్టుకి ఎర్త్ తీగ రాగిదైతే 10 గేజి కన్నా సన్నం ఉండకూడదు, అది ఇంటి ఎర్త్ వ్యవస్థతో కలిసి ఉండాలి. మా ఊళ్ళో నాన్నగారి ఇంటికి రేడియో బిగించినప్పుడు అదే పద్ధతి చేయించాం. అక్కడ ఎలక్ట్రీషియన్ ముందు ఎందుకన్నాడు, కారణం చెప్పాక తనే శ్రద్ధగా చేశాడు.

నెట్‌వర్క్_నారాయణగూడ

ఇంట్లో వస్తువులు పూర్తిగా వేరు చేయాలంటే ఇంకో దారి ఉంది. డాబా మీదే చిన్న డబ్బాలో అడాప్టరు, మీడియా కన్వర్టరు (లాన్ కేబుల్‌ని ఫైబర్‌కి కలిపే పెట్టె) పెట్టి, అక్కడి నుంచి కింది గదికి ఇరవై మీటర్ల ఫైబర్ ముక్క లాగండి. గాజు తీగలో పిడుగు ప్రయాణించదు. ఆ డబ్బాకి పోయే కరెంటు తీగకి మాత్రం సర్జ్ రక్షణ ఉండాలి.

మాస్టు

బాగుంది, ఖర్చు కూడా పెద్దగా కాదు. ఇంకో ముఖ్యమైన మాట: ఉరుములు వినిపిస్తుండగా కేబుల్ పీకడానికి డాబా ఎక్కొద్దు, అడాప్టరు దగ్గరికీ పోవద్దు. పుణె ఐఐటీఎం (వాతావరణ పరిశోధన సంస్థ) వాళ్ళ దామిని యాప్ ఫోన్లో పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగుల సమాచారం ముందే వస్తుంది. పీకేదేదో ఆకాశం తేటగా ఉండగానే పీకేయండి.

చెరువుగట్టు

రెండు పైపులూ నిలబెట్టాం. ఇంటి దగ్గర రేడియో చెరువు నీటి మట్టానికి సుమారు 10 మీటర్ల పైన ఉంది, షెడ్డు దగ్గర 7 మీటర్లు. ఎర్త్‌లు కలిపించాను, సర్జ్ ప్రొటెక్టర్లు పెట్టాం. సెట్టింగుల్లో ఏం పెట్టాలి? ఎంత సిగ్నల్ వస్తే బాగున్నట్టు?

లింకుపని_ఖమ్మం

దేశం ఇండియా అనే పెట్టు అన్నా. ఎక్కువ పవరు వస్తుందని వేరే దేశం పెట్టేవాళ్ళుంటారు, అది చట్టానికి విరుద్ధం, పక్కవాళ్ళ లింకులకీ చేటు. 2018లో కేంద్రం 5 గిగాహెర్ట్జ్‌లో 5150 నుంచి 5350, 5470 నుంచి 5875 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్స్ అక్కర్లేకుండా వదిలింది. నువ్వు 149 నుంచి 165 లోపు చానెల్ తీసుకో. మధ్యలో ఉన్న డీఎఫ్ఎస్ చానెళ్ళలో రాడార్ ఉందేమో వినడానికి రేడియో ముందు కనీసం ఒక నిమిషం ఆగుతుంది, ఎప్పుడైనా రాడార్ అనుమానం వస్తే చానెల్ వదిలేస్తుంది. అలారం కోసం పెట్టే లింకుకి అది వద్దు.

వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. నాలుగు కెమెరాలు ఒక్కోటి 2 ఎంబీపీఎస్ అనుకున్నా 8 అవుతుంది. 40 పెడితే వేగం నంబరు పెరుగుతుంది, దాంతోపాటు చుట్టుపక్కల చప్పుడు కూడా ఎక్కువ వినిపిస్తుంది.

మాస్టు

సిగ్నల్ లెక్క ఇదిగోండి. 800 మీటర్లకి 5.8 గిగాహెర్ట్జ్‌లో గాలిలో పోయేది సుమారు 106 డీబీ (డెసిబెల్). రేడియో 20 డీబీఎం పంపితే, రెండు వైపులా 13 చొప్పున యాంటెన్నా బలం కలిపితే, అవతల మైనస్ 60 డీబీఎం రావాలి (ఈ నంబరు సున్నాకి ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం). మైనస్ 63 దాకా వస్తే పండగే. మైనస్ 70 వస్తే ఏదో అడ్డం ఉంది, లేదా గురి తప్పింది.

గురి చూసేటప్పుడు ఒక చివర కదపకుండా ఉంచి, రెండో చివర నెమ్మదిగా ఎడమ నుంచి కుడికి మొత్తం తిప్పండి. సిగ్నల్ పెరిగి, తగ్గి, మళ్ళీ కాస్త పెరగొచ్చు. ఆ చిన్న శిఖరం పక్క లోబు (యాంటెన్నా పక్కకి వదిలే బలహీనమైన కిరణం), అక్కడ ఆగిపోవద్దు. అన్నిటికన్నా పెద్ద శిఖరం దగ్గర బిగించండి. తర్వాత అదే పని రెండో చివర. నట్లు చివరిసారి బిగించేటప్పుడు రేడియో రవ్వంత తిరుగుతుంది, అందుకని బిగించాక మళ్ళీ నంబరు చూడండి.

చెరువుగట్టు

మైనస్ 61 వచ్చింది! నాలుగు కెమెరాలూ ఆగకుండా నడుస్తున్నాయి. కానీ ఒక వింత. పొద్దున మైనస్ 60 ఉంటుంది. మధ్యలో ఉన్న చెరువులోకి నీళ్ళు పెట్టిన రోజు మెల్లగా పడిపోయి సాయంత్రానికి మైనస్ 74. ఏరియేటర్లు తిరుగుతుంటే కాస్త మెరుగు. గురి మారలేదు, పైపుల మీద పెట్టుకున్న గుర్తులు చూశాను.

మాస్టు

వింత కాదండి, అది నీటి మీద ప్రతిబింబం. ఒక కిరణం నేరుగా వస్తుంది, ఇంకొకటి నీటి మీద తగిలి వస్తుంది. రెండూ ఒక తాళంలో కలిస్తే బలం, ఎదురుగా కలిస్తే సిగ్నల్ చచ్చిపోతుంది. మీ ఎత్తుల లెక్కన ఆ కిరణం షెడ్డుకి 330 మీటర్ల దూరంలో నీటిని తాకాలి. అక్కడ చెరువు ఉండే ఉంటుంది. నీటి మట్టం 30 సెంటీమీటర్లు పెరిగితే రెండు దారుల తేడా సుమారు 1.3 సెంటీమీటర్లు మారుతుంది. మన తరంగదైర్ఘ్యమే 5.2 సెంటీమీటర్లు, అంటే పావు వంతు మారిపోయింది. ఏరియేటర్లు నీటిని చెదరగొడతాయి కాబట్టి ప్రతిబింబం బలహీనపడుతుంది, అందుకే మెరుగు.

డిష్ కొంటే పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. నేరు కిరణానికీ నీటి కిరణానికీ కోణం రెండు డిగ్రీలైనా లేదు, డిష్ కూడా రెండిటినీ తీసుకుంటుంది. డబ్బు పెట్టక్కర్లేదు. షెడ్డు దగ్గర రేడియోని పైపు మీద ఒక మీటరు కిందికి జరపండి. అప్పుడు దారుల తేడా 2.5 సెంటీమీటర్లు, అంటే దాదాపు సగం తరంగం మారుతుంది. చచ్చే చోటు బతికే చోటు అవుతుంది. నీళ్ళు నిండుగా ఉన్న రోజే జరిపి చూడండి, నంబరు బాగున్న చోట ఆపండి. నీరు దిగిన రోజు కూడా ఒకసారి చూసి, రెండు రోజులకీ సర్దుబాటయ్యే ఎత్తు పెట్టుకోండి.

చెరువుగట్టు

కీలు పైపు కాబట్టి అరగంటలో దింపి జరిపేశామండి. మీటరు కాదు, ఎనభై సెంటీమీటర్ల దగ్గర బాగుంది. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు మైనస్ 60, దిగినప్పుడు మైనస్ 65. నిన్న రాత్రి కరెంటు పోయి జనరేటరు అందుకోలేదు, అలారం వెంటనే మోగింది, పది నిమిషాల్లో చెరువు దగ్గర ఉన్నాను. అందరికీ చేతులెత్తి దణ్ణం.

ఒక్క ప్రశ్న మిగిలింది. రేడియో పట్టీలు, స్టే వైర్లు ఉప్పుగాలికి ఎన్నాళ్ళాగుతాయి?

వైర్ల_సంగతి

పట్టీలు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే మామూలుగా వస్తాయి. సముద్రానికి బాగా దగ్గరైతే 316వి వేసుకోండి, భీమవరానికి 304 చాలు. స్టే వైర్లు జీఐవి ఉప్పుగాలికి తొందరగా పోతాయి, టర్న్‌బకిల్ మరల దగ్గర గ్రీజు పూసి చూస్తుండండి. తీగ మీద ఎర్రటి పొడి కనిపించిందంటే మార్చేయండి.

లోడు_లెక్క

అక్టోబరు, నవంబరు తుఫానుల ముందు టర్న్‌బకిల్స్ మూడూ సమంగా బిగి ఉన్నాయో లేదో చూడండి. ఒక దాన్నే బిగిస్తే పైపు వంగుతుంది, గురి తప్పుతుంది. తుఫాను హెచ్చరిక గట్టిగా ఉంటే షెడ్డు దగ్గర పైపు వంచి కింద పడుకోబెట్టండి. కెమెరాలు ఒక రోజు ఆగుతాయి, తర్వాత లేపి గుర్తుల దగ్గర పెడితే మళ్ళీ అదే నంబరు వస్తుంది.